అవతారిక తీసేస్తే మిగిలేది

పాత తెలుగు కావ్యం తెరవగానే కథ మొదలవదు. ముందు ఇష్టదేవతల స్తుతి, తర్వాత పూర్వకవుల స్తుతి, కుకవుల మీద నాలుగు చురకలు, ఆపైన కవి వంశం, కావ్యం అంకితం పుచ్చుకునే కృతిపతి వంశం, చివర ఆ కృతిపతిని పొగుడుతూ అతనికే కావ్యాన్ని సమర్పించే షష్ఠ్యంత పద్యాలు. ఈ తతంగమంతా కలిపి అవతారిక. పాఠం చెప్పేవాళ్ళు సాధారణంగా దీన్ని దాటేసి కథలోకి పోతారు. వినేవాళ్ళూ హమ్మయ్య అనుకుంటారు. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళకు మాత్రం ఆ పేజీలే బంగారం. కవిది ఏ ఊరు, ఎవరి బిడ్డ, గురువు ఎవరు, ఎవరు అడిగితే ఈ కావ్యం పుట్టింది అన్న సంగతులు మరెక్కడా దొరకవు.

కళాసాహిత్య రంగాల్లో స్త్రీలు సాధించిన దాన్ని పండుగలా తలుచుకోవాలని ఈమధ్య అందరూ అంటున్నారు. మార్చి 8 వచ్చిందంటే వేదికలు, శాలువాలు, జ్ఞాపికలు. పత్రికల్లో ‘తొలి మహిళ’ జాబితాలు. తొలి కవయిత్రి, తొలి కథకురాలు, తొలి దర్శకురాలు. ఇవి వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. అయితే సన్మానానికి ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఆ రచన చేతికి అందేలా ఉండాలి, దాని మీద ఆమె పేరు ఉండాలి, ఆ పేరు వెనక ఆమె ఎవరో చెప్పే నాలుగు మాటలు మిగలాలి. తెలుగులో ఒక కవయిత్రి తన గొప్పతనాన్ని తనే, ఏ మొహమాటమూ లేకుండా, అవతారికలో చెప్పుకుంది. ఆ కావ్యం మొదటిసారి అచ్చయినప్పుడు ఎగిరిపోయింది సరిగ్గా ఆ భాగమే. ముద్దుపళని రాధికాసాంత్వనం కథ మరోసారి చెప్పుకోవలసింది అందుకే.

ఆమెకంటే ముందు రాసినవాళ్ళు లేకపోలేదు. అన్నమాచార్యుల భార్య తాళ్ళపాక తిమ్మక్క మంజరీ ద్విపదలో సుభద్రా కల్యాణం రాసింది. తొలి తెలుగు కవయిత్రిగా చాలామంది చెప్పేది ఆమె పేరే. ఆతుకూరి మొల్ల రామాయణం ఇంటింటికీ తెలుసు. తన రామాయణం మొదట్లో మొల్ల చెప్పుకున్నది చాలా తక్కువ. తండ్రి పేరు చెప్పింది, గోపవరం శ్రీకంఠమల్లేశ్వరుడి వరం వల్ల కవిత్వం అబ్బిందని చెప్పింది, వ్యాకరణాలూ శాస్త్రాలూ తనకు రావని చెప్పింది. ఆ చివరి మాట వినయం కోసం అన్నదని కావ్యం నాలుగు పద్యాలు చదివినవాళ్ళకు అర్థమవుతుంది. అర్థం కాని గూఢపదాలు కూర్చిన కావ్యం మూగవాడికీ చెవిటివాడికీ మధ్య ముచ్చటలా ఉంటుందని అదే చోట తీర్పు కూడా చెప్పింది కదా! కావ్యాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు, రాముడికే అంకితమిచ్చింది. రాజుల పేరు లేదు, పోషకుడి పేరు లేదు, దాంతో ఆమె ఏ కాలంలో ఉందో నేటికీ తెగలేదు. ఆ ఖాళీలోకి కట్టుకథలు వచ్చి చేరాయి. రాయల కొలువుకు వెళ్ళిందని ఒకటి, తెనాలి రామకృష్ణుడితో మాటకు మాట చెప్పిందని మరొకటి. అవతారిక పలచగా ఉన్నచోట చాటుకథ చిక్కబడుతుంది.

తంజావూరు నాయకరాజుల కాలానికి వచ్చేసరికి పరిస్థితి వేరు. విజయరాఘవ నాయకుడి ఆస్థానంలో రంగాజమ్మ మన్నారుదాసవిలాసం, ఉషాపరిణయం రాసింది. కనకాభిషేకం పొందిన కవయిత్రి. రఘునాథ నాయకుడి మీద రామభద్రాంబ సంస్కృతంలో రఘునాథాభ్యుదయం రాసింది. అక్కడ స్త్రీ కవిత్వం చెప్పడం విడ్డూరం కాదు, కొలువులో ఒక హోదా. దానికి కారణం కూడా దాచాల్సిన పని లేదు. సంగీతం, నాట్యం, సాహిత్యం మూడూ నేర్చుకునే తీరిక, ఆస్తి సొంతంగా ఉంచుకునే హక్కు అప్పట్లో గృహిణికి లేవు. దేవదాసీ, భోగం కుటుంబాల స్త్రీలకు ఉన్నాయి. ఆ వెసులుబాటుకు వాళ్ళు చెల్లించిన మూల్యం ఏమిటన్నది మరో పెద్ద కథ.

నాయకుల తర్వాత తంజావూరు మరాఠా రాజుల చేతికి వచ్చినా తెలుగు కవిత్వం ఆగలేదు. 1739 నుంచి 1763 వరకు ఏలిన ప్రతాపసింహుడి కొలువులో ఉన్న విదుషి ముద్దుపళని. ఆమె రాసిన రాధికాసాంత్వనం నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం, పద్యాలు 584. ఆండాళ్ తిరుప్పావైని కూడా తెలుగు చేసింది. రాధికాసాంత్వనం కథ చిన్నదే. రాధ తను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. కొత్త పెళ్ళికూతురికి బుద్ధులు చెప్పి, కృష్ణుడికి జాగ్రత్తలు చెప్పి తనే లోపలికి పంపుతుంది. పంపాక తట్టుకోలేకపోతుంది. అసూయ, కోపం, కోరిక, అన్నీ ఒకేసారి ముంచుకొస్తాయి. చివరికి కృష్ణుడే వచ్చి బతిమాలుకోవాలి. ప్రబంధాల్లో అలిగే నాయికలకు కొదవ లేదు. ఈ నాయిక మాత్రం లేతప్రాయం పిల్ల కాదు. ఒక పిల్లను పెంచి పెద్దచేసిన స్త్రీ తన కోరికను తనే నోరు తెరిచి చెప్పడం, మొగవాడు ఆ కోరికకు జవాబు చెప్పుకోవలసి రావడం ఈ కావ్యంలోని కొత్తదనం.

అవతారికలో ఆమె తన వంశం చెప్పుకుంది. అందులో తంజనాయకి అనే పెద్దతరం విదుషి పేరు గౌరవంగా వస్తుంది. కవుల వంశవర్ణనల్లో తాతతండ్రుల పాండిత్యం చదివి చదివి అలవాటు పడ్డవాళ్ళకు, ఒక ఆడమనిషి విద్వత్తును వంశం గొప్పగా చెప్పడం ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆ తర్వాత తన గురించి. పండితులకు ధనమిచ్చి సత్కరించిన స్త్రీ తనలా ఇంకెవరున్నారు, కావ్యాలు అంకితం పుచ్చుకున్నది ఎవరు, ఇన్ని కళల్లో ఇంత పేరు తెచ్చుకున్నది ఎవరు అన్న ధోరణిలో సాగుతుంది. సన్మానపత్రం ఎవరో రాసి చదవాలని ఎదురుచూడలేదు, తనే రాసుకుంది. కృతులు అంకితం పుచ్చుకోవడమన్నది రాజుల, మంత్రుల లక్షణం. ఆ వరసలో తనను నిలబెట్టుకుంది.

ఈ కావ్యాన్ని 1887లో అచ్చు వేయించినవాడు పైడిపాటి వెంకటనరసు, సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన పండితుడు. ఆ పాఠమే 1907లో మళ్ళీ అచ్చయింది. అవతారిక లేదు. కొన్ని పద్యాలూ లేవు. పద్యాలు తీసేయడానికి కారణం ఊహించడం కష్టం కాదు, శృంగారం మితిమీరిందని అనుకుని ఉంటారు. అవతారికలో శృంగారం లేదు కదా! ఎవరి మనసులో ఏముందో చెప్పలేం గానీ ఫలితం ఒక్కటే. ఆ అచ్చుప్రతి చదివినవాడికి కావ్యం దొరికింది, కవయిత్రి దొరకలేదు. ‘ముద్దుపళని’ అన్న పేరు విని అది ఆడపేరో మగపేరో పోల్చుకోలేనివాళ్ళు ఆ రోజుల్లోనూ ఉండే ఉంటారు.

ఈ లోటు కనిపెట్టింది మద్రాసులో కచేరీలు చేసుకుంటున్న ఒక గాయని. బెంగళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో పుట్టారు. కన్నడ దేశపు దేవదాసీ కుటుంబం. సంగీతంతో పాటు సంస్కృతం, తెలుగు గట్టిగా చదువుకున్నారు. మైసూరు కొలువులో పాడి, తర్వాత మద్రాసు చేరి, ఊరూరా కచేరీలు చేసి ఇల్లూ వాకిలీ సొంత సంపాదనతో కట్టుకున్నారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి మహిళా కళాకారిణి ఆమే అని చెప్పుకుంటారు. ఇదీ ఒక ‘తొలి మహిళ’ బిరుదే. కాకపోతే దీనికి శాలువా కప్పినవాళ్ళు లేరు.

తంజావూరు సాహిత్యం గురించి ఎక్కడో చదువుతూ ఆమె ఈ కావ్యం పేరు విన్నారు. 1907 ప్రతి తెప్పించుకుని చదివితే ఏదో తేడా కొట్టింది. తెలిసినవారి ద్వారా ఒక రాతప్రతి సంపాదించారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని సరిచూశారు. పాఠభేదాలు పట్టుకుని, పోయిన పద్యాలు చేర్చి, అవతారికను దాని చోట నిలబెట్టి, పీఠిక రాసి 1910లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ ద్వారా ప్రచురించారు. గ్రంథ పరిష్కరణ అంటే పండితుల సొత్తు అనుకునే కాలంలో, తాళపత్రాల వాసన తెలిసిన పెద్దపెద్దవాళ్ళంతా మద్రాసులోనే ఉన్న రోజుల్లో, ఆ పని ఒక గాయని చేశారు. కావ్యం ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించిందని, ఇంత రసవంతమైన కావ్యం రాసింది ఒక స్త్రీ, అందునా తన కులంలో పుట్టిన స్త్రీ కాబట్టి సరైన రూపంలో తేవడం అవసరమనిపించిందని పీఠికలో చెప్పుకున్నారు. ముద్దుపళని తంజనాయకి పేరు చెప్పింది, నాగరత్నమ్మ ముద్దుపళని పేరు చెప్పారు. నూటయాభై ఏళ్ళ తేడాతో అదే వంశావళికి ఇంకో పేరు కలిసింది.

గొడవ వెంటనే మొదలైంది. కందుకూరి వీరేశలింగం అప్పటికే ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళనిని ఏకిపెట్టి ఉన్నారు. ఆమె నడవడిని నిందించి, ఆడవాళ్ళు వినడానికే తగని మాటలు ఆడదాని నోటి నుంచి రావడమేమిటన్నట్టు రాశారు. ఈయనే వితంతు వివాహాలు జరిపించి, ఆడపిల్లల బడులు పెట్టి, స్త్రీల కోసం పత్రిక నడిపిన మనిషి. ఆ రెండు ముఖాలూ ఆయనవే. వాటిలో ఒకటి నిజం, ఒకటి పొరపాటు అని సర్దిచెప్పడానికి లేదు. ఆయన సంస్కరణ గృహిణిని కాపాడదలచింది. ఆ చట్రంలో భోగం స్త్రీ పక్కకు తొలగించవలసిన చెడు. అలాంటి స్త్రీ కవి అయితే ఆమె కవిత్వం కూడా చెడులో భాగమే.

నాగరత్నమ్మ పీఠికలోనే బదులిచ్చారు. సిగ్గు, మర్యాద ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు వర్తించవా అని అడిగారు. శృంగారం అంత నీచమైతే సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసాన్ని వీరేశలింగం స్వయంగా చూసి, పరిష్కరించి ఎలా అచ్చు వేయించారని నిలదీశారు. వైజయంతీవిలాసం కూడా వేశ్య కథే. విప్రనారాయణుణ్ణి వల్లో వేసుకున్న దేవదేవి కథ. వాదం పదునుగా ఉంది. అయినా ఆ రోజుల్లో గెలిచింది వాదం కాదు. ఒక వేశ్య రాసిన దాన్ని ఇంకో వేశ్య పరిష్కరించింది అనే రకం ఎత్తిపొడుపు పత్రికలకూ ఎక్కింది. 1911లో ప్రభుత్వం కదిలింది. అభ్యంతరమనిపించిన పద్యాలను ప్రభుత్వ అనువాదకుడు ఇంగ్లీషులోకి మార్చి పై అధికారులకు ఇచ్చాడు. అంటే కావ్యం భవితవ్యం తేల్చినవాళ్ళు చదివింది ఏరి తీసిన పద్యాల తర్జుమా. ఛందస్సు లేదు, సందర్భం లేదు, రాధ బాధ లేదు. పోలీసులు ప్రతులు పట్టుకున్నారు, వావిళ్ళవారి మీద కేసు పడింది. పండితులు కొందరు అర్జీలు పెట్టినా ఫలితం లేకపోయింది, పుస్తకం మీద నిషేధం నిలిచింది.

నిషేధం తొలగింది 1947లో, టంగుటూరి ప్రకాశం చొరవతో. వావిళ్ళవారి కొత్త ముద్రణ 1952లో వచ్చింది. నాగరత్నమ్మ చనిపోయింది కూడా అదే ఏడాది మే నెలలో. ఇంత జరిగినా తర్వాతి దశాబ్దాల్లో ఈ కావ్యం విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికల గుమ్మం తొక్కినట్టు కనబడదు. హైదరాబాదులో సూసీ తారు, కె. లలిత సంకలనం చేసిన భారతీయ స్త్రీల రచనల సంపుటం 1991లో న్యూయార్కులో వెలువడి, ఈ ఉదంతాన్ని ముందుమాటలోనే వివరించాక దేశవిదేశాల్లో ముద్దుపళని పేరు తెలిసింది. తెలుగు కవయిత్రి గురించి చాలామంది తెలుగువాళ్ళు ఇంగ్లీషులో మొదటిసారి చదవడం కాస్త చివుక్కుమనిపించే సంగతే.

ఇక్కడ ఇంకో స్త్రీ గురించి చెప్పకపోతే కథ ఒంటికాలి మీద నిలబడుతుంది. భండారు అచ్చమాంబ 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క. బడికి పోలేదు, తమ్ముడి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తెలుగుతో పాటు మరాఠీ, హిందీ వంటివి పట్టుబట్టి చదివారు. అబలా సచ్చరిత్ర రత్నమాల అన్న పేరుతో గొప్ప స్త్రీల జీవితచరిత్రలు మూడు భాగాలుగా రాయాలని సంకల్పించారు. మొదటి భాగం 1901లో వెలువడింది. ఆడవాళ్ళు సహజంగానే అబలలు, చదివితే చెడిపోతారు అనేవాళ్ళకు జవాబు చెప్పడానికే ఈ పని పెట్టుకున్నారు. పేరులో ‘అబలా’ అని ఉండటం, లోపలంతా బలవంతుల కథలే ఉండటం పాఠకుడికి సరదాగా అనిపిస్తుంది. స్త్రీల విజయాలను స్మరించుకునే పనిని తెలుగులో ఇంత పద్ధతిగా మొదలుపెట్టిన ఆమెకు మాత్రం 31 ఏళ్ళు కూడా నిండలేదు. 1905 జనవరిలో ప్లేగుతో పోయారు.

అచ్చమాంబ 1902లో హిందూసుందరి పత్రికలో ‘ధనత్రయోదశి’ అనే కథ రాశారు. దీపావళి ముందు రోజుల్లో చేతిలో పైసా లేని సంసారం. భర్త మనసు తప్పుడు డబ్బు వైపు మళ్ళితే భార్య నిలబెట్టుకున్న కథ. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. తొలి తెలుగు కథ ఏదని అడిగితే దశాబ్దాల పాటు వచ్చిన జవాబు ‘దిద్దుబాటు’. అచ్చమాంబ కథ లెక్కలోకి రావడానికి స్త్రీల పత్రికల పాత సంచికలు దులిపినవాళ్ళు రావలసి వచ్చింది. ఆధునిక కథాశిల్పం ‘దిద్దుబాటు’లోనే ఉందని ఒక వాదం. ‘ధనత్రయోదశి’లో నీతిబోధ పాలు ఎక్కువన్న మాట కూడా నిజమే. ఆ తూకంలో గురజాడదే పైచేయి కావచ్చు. కాని ‘దిద్దుబాటు’ మాత్రం మొగుణ్ణి దిద్దే భార్య కథ కాదా? పందెంలో ఎవరు ముందన్నది అంత ముఖ్యం కాదు. అసలు ఒక కథ ఉందని తెలియకుండా పందెం ఎలా జరిగింది అన్నది అడగవలసిన ప్రశ్న. ఆడవాళ్ళ కోసం నడిచే పత్రికలో ఆడమనిషి రాస్తే, దాన్ని సాహిత్యంగా వెతకడానికి ఎవరూ అటు పోలేదు. పత్రిక అచ్చులో ఉన్నా విమర్శకుడి బీరువాలో లేదు.

చిత్రమేమిటంటే అచ్చమాంబకు వీరేశలింగం ప్రోత్సాహం దక్కింది. ఆమె గృహిణి, ఆమె రాసింది సచ్చరిత్రలు. ముద్దుపళనికి దక్కనిది ఆమెకు ఎందుకు దక్కిందో వేరే చెప్పనక్కర్లేదు. అయినా చివరికి ఇద్దరూ మరుగున పడ్డారు. ఒకరు చెడ్డపేరు వల్ల, ఒకరు ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల.

మళ్ళీ నాగరత్నమ్మ దగ్గరికి వద్దాం. పుస్తకం గొడవ ముగిసిన పదేళ్ళకు ఆమె తిరువయ్యారు వెళ్ళారు. తమిళనాట కావేరి ఒడ్డున, తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగరాజు సమాధి ఉన్న ఊరు. సమాధి పాడుబడి ఉందని గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలిసింది. ఆమె ఆ స్థలం సంపాదించి, 1921లో శంకుస్థాపన చేయించి, సొంత డబ్బుతో గుడి కట్టించి 1925 జనవరిలో కుంభాభిషేకం చేయించారు. అక్కడ అప్పటికే ఏటా ఆరాధన జరుపుతున్న విద్వాంసుల జట్లు రెండున్నాయి, పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని. వాళ్ళలో వాళ్ళకు పడదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు.

గుడి కట్టించింది ఆమె, దీపం పెట్టించింది ఆమె, పాడే హక్కు మాత్రం ఆమెకు లేదు. పాట వద్దన్నారు కాబట్టి మొదట్లో హరికథ చెప్పారు. 1927లో స్త్రీల జట్టు ఒకటి కట్టి గుడి వెనక వైపు వేరే ఆరాధన మొదలుపెట్టారు. మద్రాసు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ దేవదాసీ గాయనులు వచ్చి చేరారు. 1940ల మొదట్లో అన్ని జట్లూ ఒక్కటై ఆరాధన ఒకే వేదిక మీదికి వచ్చేదాకా ఇది నడిచింది. ఇవాళ పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో పంచరత్న కీర్తనలు బృందంగా పాడుతుంటే టీవీలో చూసేవాళ్ళకు ముందు వరసల్లో కూర్చున్న గాయనులు కనిపిస్తారు. వాళ్ళు అక్కడ కూర్చోవడం అనాదిగా వస్తున్న సంప్రదాయం అనిపిస్తుంది. దానికి ఎనభై ఏళ్ళు దాటి కొద్దికాలమే అయింది. నాగరత్నమ్మ తన ఆస్తి ఆ గుడికి రాసిచ్చారు. ఆ వీలునామాలో ఒక షరతు ఉంది. దేవదాసీలతో సహా స్త్రీలెవరు వచ్చినా అక్కడ పూజ చేసుకోనివ్వాలి, పాడుకోనివ్వాలి. ఆమె సమాధి త్యాగరాజు సన్నిధికి ఎదురుగానే ఉంది.

ఆమెను సంబరంగా తలుచుకునేవాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. ముళ్ళు ఉన్న భాగం ఇంకొకటుంది. మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ పద్ధతి రద్దుకు పట్టుబట్టినప్పుడు, దాన్ని వ్యతిరేకించిన దేవదాసీల సంఘంలో నాగరత్నమ్మ ముందు నిలిచారు. ముత్తులక్ష్మి తల్లి కూడా దేవదాసీ కులంలో పుట్టినామే. చిన్నపిల్లలను గుడికి ఒప్పగించి బతుకు పాడుచేయడం కళ్ళారా చూసిన మనిషి ముత్తులక్ష్మి. చదువు, ఆస్తి, సంగీతం తరతరాలుగా ఆడవాళ్ళ చేతిలో ఉండే ఇల్లు కూలిపోతుందని భయపడిన మనిషి నాగరత్నమ్మ. ఇద్దరూ తమ ఇంటి సంగతే మాట్లాడారు. 1947లో మద్రాసు చట్టం వచ్చింది. రావలసిందే. దాంతో పాటు జరిగిందేమిటంటే, పిల్లలకు విముక్తి వచ్చినచోటే పెద్దవాళ్ళ విద్యకు విలువ పోయింది. గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల ఇళ్ళలో పదాలూ జావళీలూ అభినయించగల వృద్ధురాళ్ళు, ఆ విద్య తమకు వచ్చని బయటికి చెప్పుకోవడానికే జంకుతూ బతికారు. తర్వాతి కాలంలో నటరాజ రామకృష్ణ వంటి పరిశోధకులు వాళ్ళను వెతికి పట్టుకుని నేర్చుకున్నంత మేరకే ఇవాళ మనకు మిగిలింది.

ఇదే సమయంలో కూచిపూడిలో నడిచిన కథ తిరగబడ్డ అద్దం లాంటిది. ఆ ఊరి భాగవత మేళాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళవే. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ. జడ ముందుకు వేసుకుని ఆయన నడిచి వస్తుంటే ఆడవాళ్ళే వగలు నేర్చుకునేవారని చెప్పుకునేవారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక అమ్మాయిలు వరసకట్టారు. ఇప్పుడు కూచిపూడి అనగానే ఎవరికైనా తోచేది నర్తకి రూపమే. భామాకలాపాన్ని తమ పద్ధతిలో ఆడుతూ వచ్చిన కలావంతులు మాత్రం ఈ కొత్త వేదిక మీద కనబడలేదు. స్త్రీలకు తలుపు తెరుచుకుంది, నిజమే. అంతకు ముందే ఆ ఇంట్లో ఉన్న స్త్రీలు పెరటి దారిన వెళ్ళిపోయాక తెరుచుకుంది. నాటకరంగంలో సురభివాళ్ళది కాస్త ఊరటనిచ్చే కథ. 1885లో మొదలైన ఆ కుటుంబ సమాజంలో ఆడవేషం ఆడవాళ్ళే కట్టారు. మీసాలు గీయించుకున్న ద్రౌపదులు తిరిగే కాలంలో అది చిన్న విషయం కాదు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా కనిపించిన కమలాబాయి ఆ ఇంటి బిడ్డే.

ఇప్పటిదాకా చెప్పుకున్నవాళ్ళంతా ఏదో ఒక రూపంలో పేరు మిగిల్చుకున్నవాళ్ళు. పద్యంలో పేరు పెట్టుకోవచ్చు, గుడి గోడ మీద చెక్కించుకోవచ్చు, వీలునామాలో షరతు రాయవచ్చు. పేరు పెట్టుకునే చోటే లేని కళలు ఉన్నాయి. నరసాపురం లేసు తీసుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి డెల్టాకు తెచ్చిన ఈ అల్లిక అక్కడి ఇళ్ళలో ఎంత పాతుకుపోయిందంటే, మధ్యాహ్నం వంట పని ముగిశాక అరుగు మీద సూదీ దారం పట్టుకోని ఆడమనిషి కనిపించేది కాదు. పువ్వులూ ముక్కలూ అల్లేది చేతిపని. వాటిని కలిపి కుట్టేది అతుకుపని. అంచులు కట్టేది కాజాకట్టు. ఒక్క మేజా గుడ్డ మూడు నాలుగిళ్ళు తిరిగి తయారవుతుంది. ఈ విభజన వల్ల పని తొందరగా సాగుతుంది, వ్యాపారికి చవకగా పడుతుంది, పూర్తయిన వస్తువు ఇది నాదని చెప్పుకోగల మనిషి ఒక్కరూ ఉండరు.

జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఈ లేసు అల్లేవాళ్ళ మీద పుస్తకం రాశారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పనిచేసే మనిషిని ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణి’ అని పిలవడం ఎవరికి లాభమో ఆమె విప్పి చూపారు. ఖాళీ సమయంలో చేసే పనికి కూలి అడగడమేమిటి, సరదాకి అల్లే దానికి పేరెందుకు అన్న రెండు మాటలూ ఒకే చోట పుట్టాయి. సరుకు విదేశాలకు పోయింది, ఎగుమతి చేసినవాళ్ళకు పేరూ డబ్బూ వచ్చాయి. అల్లిన చేతికి ముక్కకింత అని పైసల లెక్క. కళ అని పిలిస్తే కళాకారిణికి గౌరవమివ్వాలి, ఉద్యోగమని పిలిస్తే జీతమివ్వాలి. కాలక్షేపం అన్న మాట ఆ రెంటినీ తప్పించింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు చట్టంలోకి ఎక్కింది. చైనాలో మిషను మీద అల్లిన దాన్ని ఇకమీద నరసాపురం లేసు అని అమ్మడం కుదరదు. మంచిదే. అయితే భౌగోళిక గుర్తింపు చట్టంలో రెండు పొరలున్నాయి. మొదటిది ఆ పేరు నమోదు చేయించిన సంస్థది. రెండోది ఆ పేరు వాడుకునే హక్కున్న ఉత్పత్తిదారులది. ప్రతి ఒక్కరూ అధీకృత వినియోగదారుగా విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఊరు, పని, చిరునామా చూపాలి. అప్పుడు రిజిస్టరులో ఆ మనిషి పేరు ఒక వరసలో చేరుతుంది. పోచంపల్లి, ఉప్పాడ, ఎక్కడైనా పద్ధతి ఇదే. ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఎవరు నింపుతారో తెలిసినవాళ్ళు వ్యాపారుల ఇళ్ళలోనే ఎక్కువ. అతుకుపని చేసే ఆవిడ ‘వృత్తి’ అన్న గడి దగ్గర ఏం రాయించాలో ముందు తేలాలి. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఇన్నాళ్ళూ అక్కడ రాయించింది ‘గృహిణి’ అనే.